అవధానిగారి వీపు దురద

మాటల్లో చెప్పలేనిది సత్యమే కాదని ఆస్థాన పండితులైన అవధానిగారి సిద్ధాంతం. అది రాజుగారికి బాగా తలకెక్కింది. తమ విద్యను వివరించి చెప్పలేని పనివాళ్ల మాన్యాలన్నీ లాగేసుకోవడం మొదలుపెట్టారు.

మంత్రసాని సంకురమ్మ వంతు వచ్చింది. "బిడ్డ అడ్డం తిరిగిందని నీకెలా తెలుస్తుంది?" అన్నాడు అవధాని.

"చెయ్యి వేస్తే తెలుస్తుంది బాబూ."

"చెయ్యి కాదు, మాట కావాలి! మాట లేకపోతే తెలివీ లేనట్టే." ఆమె మాన్యం పోయింది.

ఆమె కొడుకు పోలయ్య ఆస్థాన మంగలి. మర్నాడు అవధాని రాజుగారికి శాస్త్రం చెబుతూనే క్షవరానికి కూర్చున్నాడు. రాజుగారిచ్చిన పట్టు అంగీ ఆయన అప్పుడు కూడా విప్పడు. పోలయ్య ఆయన మెడకు గుడ్డ చుట్టడం కావాలనే మరిచాడు. తెగిన వెంట్రుకలన్నీ అంగీలోకి జారాయి.

"ఒరేయ్, వీపు దురదరా! గోకు!"

"ఎక్కడ స్వామీ?"

"కొంచెం పైన... అంత పైన కాదు. ఎడమకి. అబ్బా, దాటిపోయావు! అక్కడ కాదురా!"

పోలయ్య చెయ్యి తీసేశాడు. "ఎక్కడో చెప్పలేకపోతున్నారంటే, తమ సిద్ధాంతం ప్రకారం ఆ దురద లేనట్టే కదా స్వామీ."

"లేకపోవడమేమిటిరా, చచ్చిపోతుంటే!" అవధాని సగం గీసిన తలతో లేచి, స్తంభానికి వీపు ఆనించి బరబరా రాసుకున్నాడు. "హమ్మయ్య! ఇదిగో, ఇక్కడ!"

"అక్కడేనని తమకెవరు చెప్పారు స్వామీ?"

"ఒకరు చెప్పాలా? తగిలితే తెలియదూ!"

"మా అమ్మ కూడా నిన్న అదే అంది, మహారాజా" అన్నాడు పోలయ్య.

రాజుగారు పగలబడి నవ్వారు. సాయంత్రానికల్లా అందరి మాన్యాలూ తిరిగొచ్చాయి. అవధాని ఆనాటి నుంచీ అంగీ విప్పే క్షవరానికి కూర్చునేవాడు. ఎందుకని అడిగితే మాత్రం చెప్పేవాడు కాదు.