లతీఫ్ సాహెబు తొయ్యని రాయి

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా రేపట్నుంచి నా కాఫీలో పంచదారకి బదులు ఉప్పు పడుగాక.

విశాఖలో, జాలారిపేట దిగువన లతీఫ్ సాహెబుది ఉప్పునీటి చేపల తొట్లు కట్టే పని. తొట్లో ప్రాణమున్న రాళ్ళు పేర్చేవాడు. ఒంటినిండా నాచూ, కంటికానని పురుగులూ బతుకుతుండే సముద్రపు రాళ్ళన్నమాట. ఆయన పేర్చిన రాళ్ళమీద ఏనుగెక్కి కూర్చున్నా కదలవు. నేను చూశాను. ఏనుగుని తప్ప అన్నీ చూశాను.

ఆయన దగ్గర నూకరాజు పదకొండేళ్ళు పని నేర్చి, ఇక సొంత కొట్టు పెట్టుకుంటానన్నాడు. సాహెబు కాదనలేదు. నీ చేత్తో ఒక తొట్టి పేర్చు, నలభై రోజులు నిలిస్తే నేనే వచ్చి రిబ్బను కత్తిరిస్తానన్నాడు.

నూకరాజు తిండీ నిద్రా మానేశాడు. ముందు తెల్లటి ఇసక మెత్తగా పరిచి, దానిమీద రాళ్ళు నిలబెట్టి కమాను లేపాడు. ఎంత బాగుందంటే, చూడ్డానికొచ్చినవాళ్ళ వరస భీమిలి దాకా సాగింది. వాడి ఆశల్లా అందులో తన బుజ్జిని వదలాలని. బుజ్జి అంటే నారింజ రంగు మీద తెల్ల చారల చేప. చింతగింజంత ఉన్నప్పట్నుంచీ ఎనిమిదేళ్ళు వేలికొసన మేతపెట్టి సాకాడు. పెళ్ళాం పేరైనా మర్చిపోయేవాడు గాని, దాని మేతవేళ మర్చిపోయేవాడు కాదు.

ఆ కొట్లో ఒక ఆచారముంది. నీళ్ళు పోసేముందు ఉస్తాదు రాళ్ళని రెండు చేతులా పట్టుకుని తోస్తాడు. పడేవేవో అప్పుడే పడిపోవాలి. సాహెబు చొక్కా చేతులు పైకి మడుస్తుంటే నూకరాజు అడ్డమొచ్చాడు.

"వద్దు ఉస్తాద్. ఇంత బాగా మళ్ళీ కుదరదు. పదకొండేళ్ళయింది, ఇంకా నన్ను నమ్మరా?"

సాహెబు ఇసక వంక చూశాడు. వాడి మొహం వంక చూశాడు. మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకున్నాడు.

నీళ్ళు పోశారు. అవి కుదురుకున్నాక బుజ్జిని వదిలారు. రాతి బొరియలో ఒక రొయ్య దాక్కుని వచ్చిందని ఎవరికీ తెలీదు. నా చిటికెనవేలి గోరంత. అది తన ఇల్లు తాను తవ్వుకుంది. ఇసక గింజా గింజా తీసి అవతల పోసుకుంది, సరిగ్గా కమాను కాలి కింద.

ముప్పైతొమ్మిదో రోజు మధ్యాహ్నం కమాను కూలింది. ఆ చప్పుడుకి హార్బరులో ఓడలు ఒడ్డు వదిలి పారిపోయాయి. నూకరాజు భుజందాకా చెయ్యి ముంచి పెద్దరాయి ఎత్తాడు. బుజ్జి దానికిందే ఉంది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని అన్నాడు.

"ఇసక చూసినప్పుడే మీకు తెలిసిపోయింది. ఎందుకు తొయ్యలేదు?"

సాహెబు తొట్లో నీళ్ళు తోడేశాడు. అడుగు అద్దం కనిపించేదాకా ఇసక పక్కకి నెట్టాడు. ఆ పెద్దరాయిని అద్దంమీదే ఆనించి, చుట్టూ ఇసక కప్పాడు. వాడి చేతులు తెచ్చి రాయిమీద పెట్టాడు.

"తొయ్యి."

వాడు తోశాడు. ఏడుస్తూ, బలమంతా పెట్టి తోశాడు. రాయి కదల్లేదు.

"ఆవేళ నేను నీ మొహం చూశాను, నూకరాజూ," అన్నాడు సాహెబు. "రాయిని చూడాల్సింది."

నూకరాజు చేతులు తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత కొట్టు పెట్టాడు. మంచి కొట్టే. ప్రారంభానికి ఊరందర్నీ పిలిచాడు, ఉస్తాదుని తప్ప.

సరే, లేవమ్మా. ఈ గిన్నెలో సేమ్యా పాయసం ఉంది, సాహెబుకిచ్చి రా. మంచం పట్టి మూడు నెలలైంది పాపం. నూకరాజు కొట్టు ముందునుంచే వెళ్ళు. ఎవరికని అడిగితే చెప్పు. అడక్కపోతే, అడిగేదాకా అక్కడే నిలబడు.