కల రాని బావి

నల్లగుట్లపాడు ప్రార్థన మందిరానికి వచ్చే యాత్రికులు పెద్ద రోడ్డు మీద బస్సు దిగి, ఎర్రదారిన రెండు మైళ్ళు నడవాలి. మందిరం చిన్నది. నాపరాళ్ళ కప్పు, రెండు కిటికీలు. దాని ముంగిట ఒక రాతి బావి ఉంది. వంగి చూస్తే పైన మట్టి, ఆ కింద నల్లరాయి, ఆ రాతి మీద పాత మసి మరకలు కనిపిస్తాయి. దీనిని కల రాని బావి అంటారు. దేవుని మందిరం దగ్గర ఇలాంటి పేరేమిటని వచ్చినవాళ్ళు అడుగుతారు. ఆశీర్వాదపు బావి అని మార్చి రాయమని మా సంఘంలోనే కొందరు చెప్పారు. మార్చలేదు. జరిగింది జరిగినట్టే రాశాము.

పూర్వం ఇక్కడ పన్నెండు కుటుంబాల సంఘం ఉండేది. అందరూ కూలి చేసుకుని బతికేవారు. మందిరానికి ఈ నేల ఇచ్చిన ఆసామి, సాగుకు పనికిరాదనే ఇచ్చాడు. అయినా మాది అని చెప్పుకోవడానికి వాళ్ళకున్నది ఈ నేల ఒక్కటే. ఊరి బావిలో చేద వేయడానికి వాళ్ళను రానిచ్చేవారు కాదు. వాగులో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్ళను ముంతతో ఎత్తి, బిందె నింపుకునేసరికి ఒక పూట గడిచిపోయేది.

అలాంటి చోట వరుసగా మూడేళ్ళు వానలు పడలేదు. సంఘాన్ని నడిపే ఉపదేశి యోనయ్యకు అప్పటికి యాభై దాటాయి. ఆయన ఇంటింటికీ వెళ్ళి వాన కోసం ప్రార్థన చేసేవాడు. చేసి చేసి అలిసిపోయాడు. జనం మూటలు కట్టుకుని కాలువల కింది ఊళ్ళకు పోతామంటున్నారు. పోతే సంఘం ఉండదు, మందిరానికి తాళం పడుతుంది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక యోనయ్య లేచి నిలబడ్డాడు.

"దేవుడు నాకు కలలో కనబడ్డాడు. మందిరం ముంగిట తవ్వమన్నాడు. నీళ్ళిస్తానన్నాడు" అని చెప్పాడు.

ఎవరూ ఊరు విడిచి పోలేదు. ఆ రోజే గునపాలు తెచ్చారు. రెండు నిలువుల లోతున నల్లరాయి తగిలింది. గునపం వేస్తే నిప్పులు రాలడమే గాని పెచ్చు లేవలేదు. అలాంటి రాతికి వాళ్ళకు తెలిసిన పద్ధతి ఒకటే. తుమ్మ మొద్దులు పేర్చి రాయిని బాగా కాల్చాలి. కాలిన రాతి మీద ఒక్కసారిగా చన్నీళ్ళు పోస్తే అది చిట్లుతుంది. చిట్లిన చోట సమ్మెటతో కొట్టాలి. నీళ్ళ కోసం తవ్వే గుంటకు ముందు నీళ్ళు పోయవలసి వచ్చింది. కూలికి పోని రోజు ఆదివారం ఒక్కటే కాబట్టి ఉదయమే నిప్పు పెట్టి, ఆరాధన ముగిశాక ప్రతి ఇంటివారూ తాగే నీళ్ళలోంచి చెంబెడు తెచ్చి పోసేవారు. మూడు నెలలు పోసినా మోకాలి లోతు దిగలేదు.

సంఘంలో మార్తమ్మ అనే ముసలామె ఉండేది. ఆమె గుంట అంచున కూర్చుని, "బైబిల్లో చేప కడుపులో మూడు రోజులున్నాయన పేరు పెట్టుకున్నావు. నీళ్ళెక్కడుంటాయో నీకే తెలియకపోతే ఎట్టా అయ్యగారూ?" అనేది. అందరూ నవ్వేవారు. యోనయ్యకు నవ్వు వచ్చేది కాదు.

ఒక వారం మార్తమ్మ కోడలు, పచ్చి బాలింత, చెంబు పట్టుకుని వచ్చింది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి. అయినా చెంబెడూ రాతి మీద పోసి వెళ్ళింది. యోనయ్య అది చూశాడు. మరుసటి ఆదివారం వాక్యం చెప్పవలసిన సమయంలో ఆయన పుస్తకం మూసేశాడు.

"నాకు కల రాలేదు" అన్నాడు. "మీరు పోతారని భయపడి అబద్ధం చెప్పాను. దేవుడు మాట్లాడతాడని మీకు చెప్పే నాతో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అసలు వింటున్నాడో లేడో నాకు తెలియడం లేదు. ఇంకొకరిని చూసుకోండి. నేను దిగిపోతాను."

సంఘ పెద్ద ఇశ్రాయేలు లేచాడు. "పిల్లల నోటికాడి నీళ్ళు రాళ్ళకు పోయించావు గదయ్యా!" అని చాప చుట్టుకుని బయటికి నడిచాడు. ఆయన వెనుక మరో మూడు కుటుంబాలు వెళ్ళిపోయాయి. మిగిలినవాళ్ళు ఏం చేయాలో తెలియక కూర్చున్నారు.

"నిజంగా రాలేదా?" అని మార్తమ్మ అడిగింది.

"రాలేదమ్మా."

"నాకూ రాలేదు. మా ఆయన పోయినప్పుడు రాలేదు, పెద్దోడు పోయినప్పుడు రాలేదు. ఆదివారం ఆదివారం వస్తానే ఉన్నా. నీకైనా వస్తందిలే అనుకున్నా. నువ్వూ మాలాంటోడివేనన్నమాట." ఆమె మోకాళ్ళు పట్టుకుని పైకి లేచింది. "దిగిపోతానన్నావుగా, దిగు. గుంటలోకి దిగు. సమ్మెట ఆడనే ఉంది."

ఆమె ఇంటికి వెళ్ళి ఆ రోజుకు తాగడానికున్న బిందెను చంకన పెట్టుకుని వచ్చింది. రాయి అప్పటికి కాలి ఉంది. "కల చెప్పిందని పోయడం లేదు తండ్రీ. మాకు ఇంకో చోటు లేదు. నువ్వుంటే ఈడనే ఉండాల" అని దేవుడితో చెప్పి బిందె వంచేసింది. రాయి చిట్లింది. ప్రతి వారం చిట్లినంతే చిట్లింది. ఏ అద్భుతమూ జరగలేదు. ఆవిరి తగ్గాక యోనయ్య మోకు పట్టుకుని కిందికి దిగాడు.

ఇశ్రాయేలు ఆ వారమే ఊరు విడిచాడు, మళ్ళీ రాలేదు. మిగిలిన ఎనిమిది కుటుంబాలు ఇంకో ఏడాది కొట్టాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం రాతి నెరియలో చెమ్మ కనిపించింది. కాసేపటికి యోనయ్య అరికాళ్ళు తడిశాయి. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగా ఉన్నాయి" అన్నాడు.

"నీళ్ళేనా?" అని పైనుంచి మార్తమ్మ అరిచింది.

"నీళ్ళే."

"అయితే పంపించు."

ఇవి దేవుడిచ్చిన నీళ్ళని మా సంఘం నమ్ముతుంది. ఆ సంగతి ఆయన ముందే ఎందుకు చెప్పలేదో మాకు తెలియదు.

నేటికీ మే నెల మొదటి ఆదివారం ఇక్కడ బావి పండుగ జరుగుతుంది. ముంగిట ఒక బండను కాల్చి ఉంచుతారు. వచ్చినవాళ్ళు తమ ఇంటి నుంచి చెంబెడు నీళ్ళు తెచ్చి దాని మీద పోస్తారు. ఈ నీళ్ళు తాగితే రోగాలు పోతాయని, సంతానం కలుగుతుందని మేము చెప్పము. వేరే మందిరాలలో అయితే మేలు పొందినవారు ముందు సాక్ష్యం చెబుతారు. ఇక్కడ జవాబు రానివారికే మొదటి వంతు. వారు లేచి తమ కష్టం చెప్పుకుని, "నాకు కల రాలేదు" అంటారు. అప్పుడు సంఘమంతా ఒక్క గొంతుతో, "మాకూ రాలేదు, కూర్చో" అంటుంది. పక్కనున్నవారు జరిగి చాప మీద చోటిస్తారు.