మాబున్ని ఫోటో

అనగా అనగా, నాలుగు దిక్కుల నుంచీ రైళ్ళొచ్చి కలిసే ఒక ఊళ్ళో, స్టేషను పక్కనే ఒక ఇల్లుండేదిరా కన్నా. తప్పిపోయిన పిల్లల్ని పోలీసులు ఆ ఇంట్లో దించేవాళ్ళు. ఓబుళమ్మ అనే ఆవిడ వాళ్ళకి అన్నం పెట్టి, తల దువ్వి, పక్కన పడుకోబెట్టుకునేది.

ఒకరోజు నీ అంత పాపని తీసుకొచ్చారు. రైల్లోంచి ఒక్కతే దిగిపోయిందట. పేరడిగితే చెప్పదు. ఊరడిగితే చెప్పదు. అసలు నోరే తెరవదు. కుడి కనుబొమ మీద అడ్డంగా పాత దెబ్బ మచ్చ ఒకటుంది.

అలాంటి పిల్లలకి ఫోటో తీసి స్టేషన్లలో గోడలకి అతికిస్తారు, కన్నవాళ్ళు చూసి వస్తారని. ఆ ఇంట్లో ఎవరో ఇచ్చిన డిజిటల్ కెమెరా ఉంది. ఫోటోలు తీసే ఆయనకి బదిలీ అయింది. దాంతో ఆ పని కూడా ఓబుళమ్మ మీదే పడింది. ఆవిడకి తెలిసిందల్లా పైనున్న మీట నొక్కడం.

అప్పుడు పాపని కిటికీ ముందు నిలబెట్టి నొక్కింది. కిటికీ తెల్లగా వెలిగింది, మొహం మసిబొగ్గులా వచ్చింది. గది మూలకి తీసుకెళ్ళి నొక్కింది. పాప తల తిప్పుకుంది, మొహం అలికేసినట్టయింది. ఆ తర్వాత గోడకి దూరంగా నిలబెట్టి నొక్కింది. ఈసారి గోడమీది క్యాలెండర్లో అంకెలన్నీ చక్కగా వచ్చాయి, పాప మాత్రం మంచులో ఉన్నట్టుంది.

కదలకుండా వచ్చింది మొదటిదే కదా అని దాన్నే అచ్చేసి పంపారు.

రోజులు గడిచాయి. ఎవరూ రాలేదు. ఇంకొన్నాళ్ళు చూసి పాపని దూరాన పెద్దూరి హాస్టలుకి పంపించేస్తామన్నాడు ఆ ఇంటి పెద్దసారు. ఆ మాట విన్నాక ఓబుళమ్మకి అన్నం సయించలేదు. రైలు కూత వినబడితే చాలు, పాప గేటు దగ్గరికి పరిగెత్తేది. బండి వెళ్ళిపోయాక నెమ్మదిగా తిరిగొచ్చేది. దిగులుపడకు కన్నా, విను.

అప్పుడు ఓబుళమ్మ కెమెరాని చెంగులో చుట్టుకుని గిడ్డయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన ఒకప్పుడు బజార్లో ఫోటో స్టూడియో నడిపినాయన.

"అన్నా, ఈ పాప మొహం నాకు కనబడుతుంది. దీనికేల కనబడదు?"

ఆయన కెమెరాని అటూ ఇటూ తిప్పి, అందులోని ఫోటోలు చూశాడు.

"దీనికీ కనబడుతుందమ్మా. ఈ గాజు కన్ను వెనక గోరంత పలక ఉంటుంది. దాని మీద వెలుతురు పడితే బొమ్మవుతుంది. ఎంత వెలుతురు పడాలో మనం చెప్పాలి. చెప్పకపోతే అదే లెక్కేసుకుంటుంది. కిటికీ వెలుగు చూసి, అబ్బో చాలా ఉందనుకుని త్వరగా కన్ను మూసేసింది. పాప నల్లబడిపోయింది."

ఆ తర్వాత మూడు సంగతులు చెప్పాడు. ఆ కన్నులో చిన్న కంత ఉంటుంది, పెద్దది చేస్తే వెలుతురు ఎక్కువొస్తుంది. లోపల రెప్ప ఉంటుంది, అది ఠక్కున మూసుకుంటే కదిలే పిల్లలు కూడా బొమ్మలో నిలిచిపోతారు, నిదానంగా మూసుకుంటే అలుక్కుపోతారు. ఇక చీకటిగా ఉన్నప్పుడు పలక పదును పెంచుకుంటే కొద్దిపాటి వెలుతురైనా పట్టుకుంటుంది, మరీ పెంచితే బొమ్మంతా ఇసక చల్లినట్టవుతుంది.

"అన్నీ సరిచేసుకున్నాక మీట సగమే నొక్కి ఆగు. తెరమీద చిన్న పచ్చరంగు గడి వస్తుంది. అది దేని మీద పడితే అదే స్పష్టంగా వస్తుంది. అది పాప కంటి మీదుంటేనే పూర్తిగా నొక్కు" అన్నాడు.

ఓబుళమ్మ ఇంటికొచ్చి కోడిపిల్లల మీద నేర్చుకుంది. అవి ఓ చోట నిలవవు కదా!

ఒక పొద్దున పాపని వసారాలో కూర్చోబెట్టింది, వెలుతురు మొహాన పడేట్టు. పాప తల వంచేసుకుంది. ఎంత పిలిచినా ఎత్తదు. ఓబుళమ్మ కోప్పడలేదు. కెమెరా పాప చేతికిచ్చి, "నన్ను తియ్యి" అంది. పాప నొక్కింది. తెరమీద ఓబుళమ్మ ముక్కొక్కటే వచ్చింది. పాప కిసుక్కున నవ్వింది.

అప్పుడు ఓబుళమ్మ కెమెరా తీసుకుని మీట సగం నొక్కింది. పచ్చగడి భుజం మీద పడింది. వదిలేసింది. మళ్ళీ నొక్కితే జడ మీద పడింది. వదిలేసింది. మళ్ళీ నొక్కితే కంటి మీదికొచ్చింది. ఊపిరి బిగబట్టి పూర్తిగా నొక్కింది. కనుబొమ మీది మచ్చ కూడా స్పష్టంగా వచ్చింది.

ఆ ఫోటో స్టేషన్లకి వెళ్ళింది. కొన్నాళ్ళకే ఒకావిడ వచ్చింది. పేరు హుసేనమ్మ. గోడమీంచి చింపుకొచ్చిన ఆ కాయితం పట్టుకుని, గేటు దగ్గర నిలబడి, "మాబున్నీ" అని పిలిచింది.

పాప వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. తలెత్తింది. పరిగెత్తలేదు. అన్నాళ్ళుగా తెరవని నోరు తెరిచి, "అమ్మా, నువ్వేల దిగలేదు?" అంది.

తల్లి అక్కడే కూలబడిపోయింది. "నువ్వు దిగింది చూడలేదు తల్లీ. చూసేసరికి బండి కదిలిపోయె. నీకోసం స్టేషన్లన్నీ తిరిగితినమ్మా."

అప్పుడు పాప వచ్చి తల్లి మెడ కరుచుకుంది.

ఏడుపు సద్దుమణిగాక హుసేనమ్మ, "అక్కా, ఆ నల్ల ఫోటో కూడా చూసినా. దాని ముందరే కూచుని సద్ది తింటి. నా బిడ్డేనని తెలియలేదు" అంది.

ఓబుళమ్మ తల్లీబిడ్డల్ని రైలెక్కించి వచ్చి, తను తీసిన మిగతా పిల్లల పాత ఫోటోలన్నీ ముందేసుకుంది. నల్లబడినవి, అలుక్కుపోయినవి, మంచు కమ్మినవి. మిగిలిన పిల్లలందర్నీ వసారాలోకి పిలిచింది. ఒక్కొక్కరినీ వెలుతురుకేసి కూర్చోబెట్టి, తొందరపడకుండా మళ్ళీ తీసింది.

కొందరి కోసం అమ్మలొచ్చారు. కొందరి కోసం ఇంకా రాలేదు. వాళ్ళకి ఏడాదికోసారి కొత్త ఫోటో తీసి, పాతదాని మీద అతికిస్తూనే ఉంది ఓబుళమ్మ. పిల్లలు పెరుగుతారు కదరా, మొహాలు మారిపోతాయి కదా.

కంచికెళ్ళే బండి కథనెక్కించుకుంది,
మంచి నిద్ర వచ్చి మన కళ్ళమీద కూర్చుంది.