చిల్లి లేని కుండ

ఖర నామ సంవత్సరం, జ్యేష్ఠ బహుళ ఏకాదశి, ఆదివారం. పొద్దు బారెడు ఎక్కకముందే వడగాడ్పు మొదలైంది. కాకులు నోళ్ళు తెరుచుకుని చూరు కింద కూర్చున్నాయి. ఆ రోజు మిట్టమధ్యాహ్నం రాళ్ళదుర్గం ఏలే భైరవరాజు ప్రాణం విడిచాడు.

అనగా అనగా ఒక రాజు ఉండేవాడు అని మొదలుపెట్టడం మన ఆచారం. ఈ కథలో రాజు మొదట్లోనే పోయాడు. అంచేత, పిల్లలూ, కొంచెం వెనక్కి వెళ్ళి ఆయన ఉన్నప్పటి సంగతి చెబుతాను.

భైరవరాజుకు గుర్రాల మీద మోజు లేదు, నగల మీద మోజు లేదు. పాత వస్తువులంటే ప్రాణం. రాళ్ళదుర్గానికి పడమట గుట్టల్లో పెద్ద పెద్ద రాళ్ళు గుండ్రంగా పాతి ఉండేవి. జనం వాటిని రాక్షసగుళ్ళు అనేవారు. అవి గుళ్ళూ కావు, రాక్షసులు కట్టినవీ కావు. ఎప్పటివాళ్ళో, పేర్లు కూడా మిగలని మనుషులు, తమవాళ్ళను పూడ్చిన చోట్లు అవి. పక్కన కుండలు, మట్టిబొమ్మలు, రాతి గొడ్డళ్ళు పెట్టి పూడ్చేవారు.

ఇది మన దేశంలోనే ఉన్న అలవాటు కాదు. సముద్రాల అవతల, మనకు మిరపకాయనూ మొక్కజొన్ననూ ఇచ్చిన దేశాల్లో, పోయినవాడికి దారి చూపుతుందని ఒక మట్టికుక్కను పక్కన పెట్టి పూడ్చేవారట. ఇప్పుడా కుక్కలు ధనవంతుల అద్దాల బీరువాల్లో ఉన్నాయి. కుక్క పోయాక ఆ చనిపోయినవాళ్ళు దారి ఎలా వెతుక్కుంటున్నారో కొన్నవాడు అడగడు, అమ్మినవాడు చెప్పడు. సరే, మన కథకు వద్దాం.

రాజు కోట పక్కన ఒక మేడ కట్టించాడు. రాక్షసగుళ్ళు తవ్వించి, దొరికినవన్నీ అందులో పెట్టాలని కోరిక. దానికొక్కటే నియమం. వస్తువుకు చెక్కు కూడా పోయి ఉండకూడదు.

మన్ను తెలిసినవాడు కావాలి గనక కుమ్మరిపల్లె నుంచి సాలయ్యను పిలిపించాడు. సాలయ్య గుప్పెడు మన్ను వాసన చూసి అది ఏ వాగుదో చెప్పగలడు. కుండ మెడ అతికేటప్పుడు లోపలివైపు అంచు కింద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. ఆ నొక్కు వల్లే అతని కుండ మెడ ఊడదని ఊరంతా నమ్మకం.

మొదటిసారి తవ్వారు. నల్లని కుండలు బయటపడ్డాయి. ప్రతి కుండకూ మూడు చిల్లులు.

"ఏమిరా సాలయ్యా, నీ గునపం తగిలించావా?" అన్నాడు రాజు.

"లేదు దేవరా. పూడ్చేటప్పుడే పొడిచారు. మనమూ శ్మశానంలో కుండకు మూడు చిల్లులు పొడుస్తాం గదా. చిల్లి పడిందంటే అది పోయినవాళ్ళ సొత్తు. బతికినవాళ్ళు ఎత్తుకోగూడదు."

"నాకు చిల్లి కుండల కథలు చెప్పొద్దు" అని రాజు వాటిని అవతల పారేయించాడు. సాలయ్య వాటిని ఏరుకుని, తీసిన చోటనే పూడ్చాడు.

రెండోసారి తవ్వారు. మట్టి ఎద్దులు బయటపడ్డాయి. ప్రతి ఎద్దుకూ ఒక కొమ్ము లేదు. మూడోసారి తవ్వారు. రాతి గొడ్డళ్ళు వచ్చాయి, అద్దంలా నున్ననివి. ప్రతి గొడ్డలికీ అంచు కావాలని మొద్దు చేసి ఉంది. సాలయ్య అదే మాట చెప్పాడు. రాజు అలాగే విసిరేశాడు. సాలయ్య అలాగే పూడ్చాడు.

"ఈ దేశంలో నిండైన కుండ ఒక్కటీ లేదా?" అని రాజు గుడ్లురిమాడు.

ఆ మాట ఓబులశెట్టి చెవిన పడింది. శెట్టి వర్తకుడు. ఎవరికేది కావాలో అది వాళ్ళ వాకిట్లోకి తెచ్చేవాడు. ఏడాది తిరక్కుండానే పట్టుబట్టలో చుట్టి ఒక కుండ తెచ్చాడు. నల్లగా, నిండుగా, నిక్షేపంలా ఉంది.

"నాలుగు వేల ఏళ్ళనాటిది ప్రభూ. చెక్కు చెదరలేదు. తమ కోసమే భూదేవి దాచింది."

రాజు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. శెట్టికి గవ్వలపాడు అనే ఊరు రాసిచ్చాడు. సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందని రాతి మీద చెక్కించాడు. చుట్టుపక్కల రాజుల దూతలను పిలిచి, ఆ కుండను పీట మీద పెట్టి చూపించాడు. చివరకు సాలయ్యనూ పిలిపించాడు.

"చూడరా, చిల్లి లేని కుండ! ఇప్పుడేమంటావు?"

సాలయ్య కుండలోకి చెయ్యి పెట్టాడు. పెట్టి, అంచు కింద వేలితో తడిమాడు.

"దేవరా, ఇది నేను చేసింది. పోయిన మాఘంలో శెట్టిగారికిచ్చాను. పేడ పొగ పట్టించి, ఒక వాన కాలం మట్టిలో ఉంచినట్టున్నారు. అంచు కింద నొక్కు చూడండి. నా బొటనవేలు అందులో సరిగ్గా కూర్చుంటుంది."

వేలు పెట్టి చూపించాడు. ఒరలో కత్తి దిగినట్టు దిగింది.

దూతలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడు దగ్గు నటిస్తూ నవ్వు దాచుకున్నాడు. రాజు మొహం పాలిపోయింది. ఊరిచ్చేశాడు. రాయి చెక్కించేశాడు. నలుగురికీ చూపించేశాడు. ఇప్పుడు కుండ కొత్తదంటే మోసపోయిన మూర్ఖుడు తానే.

"రేపటిదాకా గడువిస్తున్నాను. పొరపాటు పడ్డానని సభలో చెప్పు. లేకపోతే ఆ సాక్ష్యం చెప్పే వేలే ఉండదు."

ఇంట్లో భార్య బాలక్క తల బాదుకుంది. "ఒక్క అబద్ధం ఆడితే నీ నోరు అరిగిపోతుందా? వేలు లేని కుమ్మరిని ఎవరడుగుతారు? నువ్వేం తింటావు, నాకేం పెడతావు?"

"నేను చేసిన కుండని నాది కాదంటే, రేపు చక్రం ముందు ఏ మొహంతో కూర్చోనే?"

"మొహం నీళ్ళు పోసి కడుక్కోవచ్చు. వేలు మళ్ళీ మొలవదు."

మర్నాడు సభలో సాలయ్య అదే నిజం మళ్ళీ చెప్పాడు. ఆ పూటే వేలు కోశారు. అతను దాన్ని చిల్లి కుండ ఒకదానిలో పెట్టి, రాళ్ళ వలయంలో పూడ్చి వచ్చాడు.

అది చూసి, రాజ్యం మొత్తానికి కుండలు చేసే కుమ్మరిపల్లెలో ఒక్క ఇల్లూ నిలవలేదు. ఆవంలో కాలిన సరుకును అలాగే వదిలి, గాడిదల మీద పిల్లలనూ చక్రాలనూ ఎక్కించుకుని ఏరు దాటి రెండు రోజుల దూరం వెళ్ళిపోయారు. సాలయ్య, బాలక్క మాత్రం ఉండిపోయారు. వేలు లేనివాడికి ఎక్కడైతేనేం? గాడిదలు కాచుకుని బతికారు. వెళ్ళినవాళ్ళు వదిలిన మూడు వందల కుండలనూ శెట్టి బండ్లకెత్తాడు. పొగ పట్టించి, ఏడాదికి యాభై చొప్పున రాజుకు తెచ్చిచ్చాడు. మేడ నిండింది.

ఆరేళ్ళు గడిచాయి. ఆ ఆరేళ్ళలో పోయిన పేదవాళ్ళ చుట్టూ కుండ లేక మోదుగాకు దొప్పతో నీళ్ళు తిప్పారు. రాజుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాడు కాడు.

ఇక మొదట చెప్పిన ఆదివారానికి వచ్చాం.

శవాన్ని దించారు. పురోహితుడు కొత్త కుండ తెమ్మన్నాడు. రాజ్యమంతా వెతికారు. లేదు.

"ఇత్తడి బిందె?" అన్నాడు పెద్దకొడుకు తిమ్మరాజు.

"పగలదు."

"వంటింటి కుండ?"

"ఎంగిలిది. పనికిరాదు."

"పోనీ మేడలోది?" అంది రాణి అక్కమ్మ.

పురోహితుడు నీళ్ళు నమిలాడు. "అమ్మా, అవి సమాధుల్లోవి కదా. ఒకరి చావుకు పెట్టింది ఇంకొకరి చావుకు పనికిరాదు. కొత్తవైతేనే..."

"కొత్తవేమిటి?" అని ఇద్దరు కొడుకులూ ఒక్కసారే లేచారు. కుమ్మరి అబద్ధమాడాడు గనకే వేలు పోయిందని నమ్మి, ఒక్కో కుండకు ఒక గుర్రాన్ని ఇస్తామని పొరుగు రాజులు కబురంపి ఉన్నారు. మూడు వందల కుండలు, మూడు వందల గుర్రాలు.

రాణి ఓబులశెట్టి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు శెట్టీ. పాతవా, కొత్తవా?"

"పాతవని ఏలినవారు సెలవిచ్చారు తల్లీ. వారి మాట కాదనడానికి నేనెంతటివాణ్ణి?"

ఆ రోజు గడిచింది. సోమవారమూ గడిచింది. వడగాడ్పు తగ్గలేదు. ఈగలు ముసిరాయి. మంగళవారం ఉదయానికి వాకిట్లో ముక్కు మూసుకోనివాడు లేడు. కొడుకులు గుమ్మం దాటి లోపలికి రావడం మానేశారు. రాణి ఒక్కతే మొగుడి పక్కన కూర్చుని విసనకర్రతో ఈగలు తోలింది. చివరకు సాలయ్యను పిలిపించింది.

"ఇంకొకసారి చెబుతావా?" అని అడిగింది.

సాలయ్య కుడిచెయ్యి చూసుకున్నాడు. "ఎందుకు చెప్పను తల్లీ? ఇంకా తొమ్మిదున్నాయి."

అని మేడ వైపు చెయ్యి చూపించాడు.

"అవన్నీ కొత్తవి. మా ఆవంలో కాలినవి. ఒక్క మెతుకు కూడా ఎరగవు. పాడెకు నిక్షేపంగా పనికొస్తాయి. మా దగ్గర అడిగి ఉంటే, తట్టెడు రాగులకే ఇచ్చేవాళ్ళం."

చిన్నకొడుకు కొండరాజు ఎగిరిపడ్డాడు. "నీ వేలేదిరా సాక్ష్యానికి?"

"మీ నాయనగారినే అడగండి సామీ."

రాణి లేచింది. మేడలోకి వెళ్ళి, పట్టుపీట మీద ఉన్న మొట్టమొదటి కుండను తనే తెచ్చి తిమ్మరాజు చేతిలో పెట్టింది. "ఇది పాతదైతే మీ నాన్న ఇలాగే కుళ్ళిపోతాడు. కొత్తదైతే మీ గుర్రాలు పోతాయి. నీళ్ళు నింపు."

తిమ్మరాజు నింపాడు. చితి చుట్టూ తిరిగాడు. మొదటి చుట్టుకు ఒక చిల్లి. రెండో చుట్టుకు రెండో చిల్లి. మూడో చుట్టుకు మూడో చిల్లి. వెనక్కి విసిరాడు. కుండ భళ్ళున పగిలింది. పెంకుల మీద నలుపు గోరంత మందం కూడా లేదు. లోపలంతా నిన్న కాల్చినట్టు ఎర్రగా ఉంది. పరామర్శకు వచ్చిన పొరుగు రాజుల దూతలందరూ చూశారు.

నిండైన కుండ కోసం వేలు కోయించిన రాజు, మూడు చిల్లుల కుండతోనే వెళ్ళాడు.

ఇక పంపకాలు. రాజ్యం తిమ్మరాజుకు వచ్చింది. మేడ కొండరాజుకు వచ్చింది. అందులో ఉన్న కుండల్లో అతని వంటవాళ్ళు కందులు పోసుకున్నారు. రాణికి ఆ విసనకర్ర మిగిలింది. ఓబులశెట్టిని తరిమేయాలని చూశారు గానీ, రాతి మీద చెక్కిన దానం చెరపడం కుదరలేదు. గవ్వలపాడును అతని మనవలు కూడా తిన్నారు. చిల్లి కుండలూ, కొమ్ము లేని ఎద్దులూ, మొద్దు గొడ్డళ్ళూ మట్టిలోనే, తమవాళ్ళ దగ్గరే ఉన్నాయి. సాలయ్యకు ఏమీ రాలేదు. వేలు కూడా తిరిగి రాలేదు.

నిజం చెప్పినవాడి వేలు తీసేవాడికి, తన చితి దగ్గర ఆ నిజమే అవసరపడుతుంది.