తాటిలోవ గిడ్డంగికి కాపలా తర్ఫీదు

తాటిలోవ అనే లోయలో జంతువులన్నీ కలిసి ఒకే గిడ్డంగి కట్టుకున్నాయి. వానాకాలమంతా పిల్లాజెల్లా తినాల్సిన జొన్నలు, సజ్జలు, ఉలవలు అందులోనే ఉంటాయి. దానికి తాళంకప్ప కాదండోయ్, కంప్యూటర్ తలుపు! ఎవరి పాస్‌వర్డ్ వాళ్లు చెబితే తెరుచుకుంటుంది, లేకపోతే ఏనుగొచ్చి తోసినా కదలదు. దాన్ని పట్టుబట్టి పెట్టించినవాడు సంఘం ప్రెసిడెంటు నందయ్య. ఎద్దు. ఎవరేం అడిగినా కాసేపు నెమరేసుకుంటే తప్ప బదులివ్వని నెమ్మదస్తుడు.

తలుపు గట్టిదే, తలుపు దగ్గర కూర్చునేవాళ్లే మరీ అమాయకులు. జంబయ్య అనే నక్క ఒకనాడు మేకకు ఫోన్ చేశాడు. "గిడ్డంగి ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామమ్మా. మీ పాస్‌వర్డ్ పాతబడిపోయింది. ఇప్పుడే చెప్పకపోతే మీ వాటా రద్దు!" మేక హడలిపోయి చెప్పేసింది. సాయంత్రానికి ఉలవల బస్తాలు మాయం.

నందయ్యకు దిగులు పట్టుకుంది. "తలుపు కొన్నాం గానీ మనవాళ్లకి ఏమీ నేర్పించలేదు. మంచి తర్ఫీదు ఇప్పించాలి" అని చుట్టుపక్కల లోవలకి కబురు పెట్టాడు.

ముందుగా నెమలి పింఛేశ్వరరావు వచ్చాడు. వస్తూనే పురి విప్పాడు.

"సైబర్ భద్రతలో మాదే పేరున్న సంస్థ ప్రెసిడెంటుగారూ! ఒక్క పూటలో అయిపోతుంది. తెర మీద రంగురంగుల బొమ్మలు, ఆఖర్న పరీక్ష. పాసైనవాళ్లందరికీ నెత్తిన ఈక పెడతాం. మొదటి ర్యాంకుకి బంగారు ఈక!"

"మరి తప్పినవాళ్లకి?"

"మా దగ్గర ఎవరూ తప్పరండీ" అన్నాడు నెమలి, నొచ్చుకుంటూ.

తర్వాత ముంగిస మంగతాయారు వచ్చింది. కాళ్లకు బురద. కూర్చోమనకుండానే కూర్చుంది.

"పెద్దయ్యా, ముందు మీవాళ్లు ఎవరేం పని చేస్తారో చెప్పు. ఫోన్ ఎత్తేదెవరు? గేటు చూసేదెవరు? ఎవరి పనికి తగ్గట్టు వాళ్లకి నేర్పాలి. ఆ తర్వాత నేనే దొంగనై వస్తా. చెప్పి మాత్రం రాను."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"మోసపోవడం మానేదాకా."

"ఈకలేమైనా ఇస్తావా?"

"నా ఒంటి మీద ఈకలెక్కడున్నాయయ్యా నీకివ్వడానికి!"

నందయ్య నెమరేస్తూ కూర్చున్నాడు. ఫోన్ ఎత్తే పని కోడి చుక్కమ్మది. ఆమె మెల్లగా పక్కకు చేరింది. "ప్రెసిడెంటుగారూ, పక్క లోవలో కోళ్లన్నిటికీ ఈకలొచ్చాయట. మనకి లేకపోతే ఎంత నామోషీ!"

"నీకు ఒళ్లంతా ఈకలే కదమ్మా?"

"అవి పుట్టుకతో వచ్చినవండీ. ఇవి చదువుకుని సంపాదించేవి!"

ఆ మాటతో నందయ్య మెత్తబడ్డాడు. నలుగురిలో గొప్పగా ఉంటుంది కదా అనుకున్నాడు. మంగతాయారుకి మజ్జిగ ఇచ్చి పంపేసి, నెమలితోనే ఖాయం చేసుకున్నాడు.

శిక్షణ మహా వైభవంగా జరిగింది. అందరూ పాస్. చుక్కమ్మకు మొదటి ర్యాంకు. నెత్తిన బంగారు ఈకతో ఆమె ఫొటో తీసి గిడ్డంగి గోడకు తగిలించారు. గేటు దగ్గరుండే కుక్క కాళయ్యకు రెండో ర్యాంకు. ఆ సంబరం చూసి నందయ్య గంగడోలు ఊపుకుంటూ ఊరంతా తిరిగాడు.

ఈ సంగతి జంబయ్య చెవిన పడింది. కడుపు పట్టుకుని నవ్వాడు. దారిలో రాలిన నెమలి ఈక ఒకటి ఏరి నెత్తిన పెట్టుకున్నాడు, భుజాన శాలువా కప్పుకున్నాడు, కళ్లద్దాలు తగిలించుకుని సరాసరి గిడ్డంగికి వచ్చేశాడు.

"నేను పై స్థాయి పరీక్షాధికారిని. మీ అందరికీ రెండో ఈక పరీక్ష పెట్టడానికి వచ్చాను. అన్నీ నోటి ప్రశ్నలే."

ఇంకేముంది! అందరూ వరసలో నిలబడిపోయారు. నందయ్య స్వయంగా దండ వేసి, భోజనం ఏర్పాట్లు కూడా చేయించాడు.

"మొదటి ప్రశ్న. పాస్‌వర్డ్ ఎవరికైనా చెప్పొచ్చా?"

"ఎవ్వరికీ చెప్పకూడదు సార్!" గిడ్డంగి దద్దరిల్లేలా అరిచారంతా.

"శభాష్! రెండో ప్రశ్న. మీ పాస్‌వర్డ్‌నే ఉదాహరణగా చెప్పి, అది ఎందుకు గట్టిదో వివరించండి. పది మార్కులు."

మార్కులనేసరికి ఒకరినొకరు తోసుకున్నారు. "సార్, నాది అందరికన్నా పొడుగు సార్!" అని కాళయ్య గడగడా అప్పజెప్పాడు. "సార్, గొర్రె నాది చూసి పెట్టుకుంది, దానికి మార్కులు వేయొద్దు సార్!" అని మేక గొడవ. చుక్కమ్మయితే తన పాస్‌వర్డ్‌లో వాళ్ల అమ్మమ్మ పేరు ఎక్కడుందో, తొలి గుడ్డు పెట్టిన తేదీ ఎక్కడ ఇరికించిందో అక్షరం అక్షరం విడమరిచి చెప్పింది. వెనక నిలబడిన నందయ్య కళ్లు సంతోషంతో చెమర్చాయి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం జంబయ్య తన బలగాన్నంతా వెంటేసుకొచ్చాడు. కాళయ్య అతని నెత్తిన ఈక చూసి సెల్యూట్ కొట్టాడు. ఒక్కో నక్కా ఒక్కో పాస్‌వర్డ్ చెప్పింది. "స్వాగతం చుక్కమ్మగారూ", "స్వాగతం మేకగారూ" అంటూ తలుపు మర్యాదగా తెరుచుకుంది. దుక్కి నుంచి నందయ్య తిరిగొచ్చేసరికి సగం గిడ్డంగి ఖాళీ.

నందయ్య అక్కడే కూలబడ్డాడు. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. వానలు దగ్గరపడ్డాయి. మిగిలిన సగమూ పోతే లోవలో దూడలకీ కోడిపిల్లలకీ పస్తులే.

"వీళ్లదేం తప్పులేదు" అన్నాడు. "పరీక్షకి బదులు చెప్పడం నేర్పించాను. వీళ్లు చెప్పారు. దొంగని ఆపడం నేర్పించానా?"

అట్నుంచి అటే మంగతాయారు ఇంటికి నడిచాడు. "ఈకలడగను తల్లీ. వచ్చి మావాళ్లని కాస్త దారిలో పెట్టు."

ముంగిస దెప్పలేదు. వచ్చింది. ముందు అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించింది. చుక్కమ్మ పక్కన కూర్చుని ఎలాంటి ఫోన్లు వస్తాయో విన్నది. "ఎవరెంత తొందరపెట్టినా సరే, పెట్టేసి, నీకు తెలిసిన నంబరుకి నువ్వే చెయ్యి" అని నేర్పింది. కాళయ్యతో గేటు దగ్గర నిలబడి, "ఈకకి కాదు, మనిషికి కాదు, పనికి సెల్యూట్ కొట్టు. ఏం పని మీద వచ్చారో తేల్చుకున్నాకే గడియ తియ్యి" అంది. ఇక ఆ తర్వాత దొంగతనాలు మొదలుపెట్టింది! ఓసారి రేషన్ అధికారినంది, ఓసారి చుక్కమ్మకి పినతల్లినంది. మోసపోయినవాళ్లని తిట్టేది కాదు. "పోయినవి ఉత్తుత్తి జొన్నలే. ఎక్కడ జారామో చూసుకుని మళ్లీ ఆడదాం రండి" అనేది. ఒకసారి నందయ్యే బుట్టలో పడ్డాడు. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆయనే. రానురాను మంగతాయారు ఎత్తులు పారడం మానేశాయి. "పాడు కోడి, దీనికి అన్నీ తెలిసిపోతున్నాయి!" అని మురిసిపోతూ తిట్టుకునేది.

వానలు మొదలయ్యాయి. ఒక పగటిపూట నందయ్య గట్టు మీద మేస్తుండగా ఫోన్ మోగింది. చుక్కమ్మ.

"ప్రెసిడెంటుగారూ, మీరు బురదలో కూరుకుపోయారా?"

"లేదే! హాయిగా గడ్డి మేస్తున్నా."

"అయితే మేయండి" అని పెట్టేసింది.

ఎవరో తన పేరు వాడుకున్నారని నందయ్యకు అర్థమైంది. నెమరు మానేసి పరుగందుకున్నాడు. ఆయన రొప్పుతూ చేరేసరికి బయటి గేటుకీ లోపలి తలుపుకీ మధ్య జంబయ్య, మొహం కనబడకుండా గోనెపట్టా ముసుగేసుకుని, ఇరుక్కుని ఉన్నాడు. నందయ్య గొంతుతో ఫోన్ చేసి, "బురదలో ఉన్నా, నా మనిషిని పంపుతున్నా, తలుపు తీసి బస్తాలిచ్చెయ్" అన్నాడట. చుక్కమ్మ సరేనంది. రానిచ్చి, వెనక గడియ వేయించింది.

జంబయ్య తడుముకోలేదు. చప్పట్లు కొట్టాడు. "శభాష్! నేను మంగతాయారుగారు పంపిన ఉత్తుత్తి దొంగని. అందరూ నెగ్గారు! గేటు తీయండి, వెళ్లి ఆమెతో మీ గురించి గొప్పగా చెబుతాను."

కాళయ్య తోక ఆడింది. పంజా గడియ మీదకు వెళ్లింది. నిజమేనేమో, ఆమె ఇలాంటివి చేస్తుంది కదా అని నందయ్యకీ అనిపించింది. తీసేయమనబోయాడు.

"చాలా సంతోషం బాబూ" అంది చుక్కమ్మ తీరిగ్గా. "ఆమెకు ఫోన్ చేస్తాను. వచ్చి తీసుకెళ్తుంది. అందాకా కూర్చో."

"ఆమె నంబరు మారిందమ్మా! కొత్తది నేను చెబుతా, నొక్కు."

"వద్దులే. నాకు తెలిసిన నంబరుకే చేస్తా."

మంగతాయారు తడుస్తూ వచ్చింది. సందులోంచి తొంగి చూసింది. "నేనెవర్నీ పంపలేదే! ఎవరే ఇతను?"

ముసుగు లాగి చూస్తే ఆనాటి పరీక్షాధికారే! జంబయ్య మొహం మాడిపోయింది. దోచుకెళ్లిన బస్తాలు తిరిగొచ్చేదాకా గేటు తీసేది లేదని నందయ్య నెమరేయకుండానే తేల్చి చెప్పాడు. ఆ వానలో నక్కల బలగమంతా మోసుకొచ్చి గిడ్డంగి నింపింది. ఆ ఏడు తాటిలోవలో ఒక్క పిల్ల కూడా ఆకలని ఏడవలేదు.

తర్ఫీదు ఎంచుకునేటప్పుడు, అది నెత్తిన ఏం పెడుతుందో కాదు, దొంగ ఎదురైననాడు మనచేత ఏం చేయిస్తుందో చూసుకోవాలి.