పల్లకీ పాటకు బదులు

కుందనగిరి సంస్థానంలో దివాన్‌గారి పల్లకీ కంటే ముందు బోయీల పాట వచ్చేది. నలుగురు మోస్తూ ఒక చరణం అందుకుంటే, ఖాళీ భుజాలతో పక్కన నడిచే నలుగురు బదులు పాడేవాళ్లు. అలుపొస్తే నడకలోనే భుజం మార్చుకునేవాళ్లు. దారిలో పల్లకీ నేల తాకేదే కాదు.

కొత్తగా వచ్చిన దివాన్ నరసప్పగారు ఒకరోజు తెర తొలగించి చూశారు. "ఊరికే నడిచేవాళ్లకి జీతమెందుకు?" అని ఆ నలుగుర్నీ తీసేశారు. మోసేవాళ్లలో పెద్దవాడు గవరయ్య వాళ్లను పొలిమేర దాకా సాగనంపి వచ్చాడు.

మర్నాడే కొండమీది కోటకు ప్రయాణం. సగం దారిలో పల్లకీ నేలమీదికి దిగింది.

"దించారేం?" అన్నారు దివాన్‌గారు.

"భుజం మార్చేవాళ్లు లేరు బాబూ. బరువు తగ్గిస్తేగాని కొండెక్కలేం," అన్నాడు గవరయ్య.

"అయితే పనీపాటా లేనిదేదో చూసి తీసెయ్యి. ఆమాత్రం తెలీదూ?"

గవరయ్య తెర ఎత్తి లోపలంతా నిదానంగా చూశాడు. "దిండు వీపుకి ఆసరా ఇస్తోంది. పైకప్పు ఎండ ఆపుతోంది. మేం నలుగురం మోస్తున్నాం. ఇక మిగిలింది తమరే బాబూ, దిగండి."

దివాన్‌గారికి ఒళ్లు మండింది. కానీ హుకుం తనదే, పైన రాజుగారు ఎదురుచూస్తున్నారు. దిగి పల్లకీ పక్కన నడిచారు.

బోయీలు పాత అలవాటుకొద్దీ చరణం అందుకుని, బదులు కోసం ఆగారు. బదులు పాడేవాళ్ల చోట ఖాళీ భుజాలతో దివాన్‌గారు నడుస్తున్నారు. ఆయనకు పాట రాదు.

కోట చేరగానే, ఆ పాట వచ్చిన నలుగురికీ కబురు వెళ్లింది.