సుంకన్న వదిలిన కౌజు

అనగా అనగా, ఏలిన రాజు పేరు మనకు అక్కర్లేదు గానీ, నల్లగుట్ట కింద సుంకన్న అనే వేటగాడు ఉండేవాడు. కౌజు పిట్టలు పట్టడంలో అతణ్ణి మించినవాడు లేడు. ఆ సంగతి ఊరికంటే ముందు అతనే చెప్పుకునేవాడు.

అతని దగ్గర ఒక దీమం ఉండేది. అడవి పిట్టల్ని పిలవడానికి పెంచుకున్న పిట్ట అన్నమాట. పెంటి కౌజు, అంటే ఆడది, పేరు సీతాలు. భార్య ఈరమ్మ దాన్ని పిల్లగా ఉన్నప్పటి నుంచి చెదపురుగులు పెట్టి సాకింది. సుంకన్న పొద పక్కన పంజరం పెట్టి, చుట్టూ ఉచ్చులు పన్నేవాడు. సీతాలు కూసేది. బలుసు పొద పలికేది. రేగు పొద పలికేది. కలివి పొద పలికేది. పోతులు పరుగెత్తుకొచ్చి ఉచ్చుల్లో పడేవి. వెనకే వచ్చిన పెంటుల మీద వల విసిరేవాడు.

"కొన్నన్నా వదలయ్యా," అనేది ఈరమ్మ.

"గుట్ట ఖాళీ అయితాదా మే? నవ్వుతారు, ఊరుకో," అనేవాడు.

ఒక ఏడు కొర్ర చేలు పండాయి. సుంకన్న హుషారుగా బయల్దేరాడు. బలుసు పొద దగ్గర సీతాలు కూసింది. ఎవరూ పలకలేదు. రేగు పొద దగ్గర కూసింది. ఎవరూ పలకలేదు. కలివి పొద దగ్గర గొంతు చించుకుని కూసింది. ఒక్కటి పలికింది. ఒకే ఒక్కటి!

ఆ పోతు వచ్చి ఉచ్చులో పడింది. సుంకన్న చేతిలోకి తీసుకున్నాడు. దాని గుండె అతని అరచేతిలో కొట్టుకుంటోంది. దీన్ని కోస్తే ఇక గుట్ట మీద కౌజు కూత వినబడదు. అతనికి భయం వేసింది. ఉచ్చు విప్పి వదిలేశాడు. అది పోలేదు. పంజరం చుట్టూనే తిరిగింది.

సుంకన్న కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత పంజరం తలుపు తీశాడు. రెండూ కలివి పొదలోకి దూరాయి.

ఖాళీ పంజరం చూసి ఈరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"సీతాలు యాడ?"

"అత్తారింటికి పంపించినా."

ఈరమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "మరి మనమేం తినాల?"

"కొర్ర కోతకు పోతా."

"నీకు కొడవలి పట్టడం వచ్చునా?"

రాదు. వేళ్లు కోసుకుంటూ నేర్చుకున్నాడు. కూలికి పోయిన ప్రతి చోటా రైతును ఒకటే అడిగాడు. "పొద పక్కన మూడు సాళ్లు కోయొద్దు రెడ్డీ. మా సీతాలు పిల్లలకి." జనం నవ్వారు. నవ్వుతూనే వదిలారు. వేరే వేటగాళ్లు వస్తే ఈరమ్మే ఎదురెళ్లి తిట్టి పంపేది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ నోటికి జడిసి ఎవరూ మళ్లీ రాలేదు.

ఏళ్లు గడిచాయి. సుంకన్న ముసలివాడై కన్నుమూశాడు. పాడె గుట్ట కింద నుంచి పోతోంది. బలుసు పొద పలికింది. రేగు పొద పలికింది. కలివి పొద పలికింది. మోసేవాళ్లు పాడె దించలేదు గానీ, నడక ఆపి నిలబడ్డారు. నవ్విన రైతులే కళ్లు తుడుచుకున్నారు.

ఇప్పటికీ నల్లగుట్ట కింద కొర్ర కోసేవాళ్లు పొద పక్కన మూడు సాళ్లు వదిలేస్తారు. వేటగాళ్లు పొద దగ్గర దీమాన్ని దించి, ముందు చెవి ఒగ్గి వింటారు. ఒక్క పిట్టే పలికిందా, ఉచ్చులు చుట్టి సంచిలో వేసుకుంటారు.

"అది సుంకన్నది. పదండి ఇంటికి," అంటారు.